బండి ఆగిన చోటే సిగ్నల్ పోతోంది: రెండు ట్రాన్స్‌మిట్ యాంటెన్నాల కేస్ స్టడీ

ఇది ఒక పెద్ద గోదాములో చేసిన పని. గోదాము ఎవరిది, రేడియోలు ఏ కంపెనీవి అన్నది రాయడం లేదు. గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను, రేడియో లెక్కలకు సంబంధించినవి మాత్రం అలాగే ఉంచాను.

నేపథ్యం

ఎత్తైన స్టీలు ర్యాకులు, వాటి మధ్య పొడవాటి నడవలు, ఆ నడవల్లో డ్రైవర్ లేకుండా తిరిగే బండ్లు. బండ్లన్నిటికీ ఆదేశాలు పంపేది ఒకే బేస్ రేడియో. నడవలు మొదలయ్యే వైపు గోడకు, ర్యాకుల కంటే పైన, దాని యాంటెన్నా ఉండేది. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో ఒక సన్నని చానెల్, సెకనుకు 2.5 లక్షల సింబల్స్ (ఒక్కో విడతలో పంపే సంకేత ముక్కలు). బేస్ ప్రతి 50 మిల్లీసెకన్లకు లింకు బతికే ఉందని చెప్పే ఒక హార్ట్‌బీట్ ప్యాకెట్‌ను అన్ని బండ్లకూ కలిపి ఒకేసారి పంపుతుంది. ఎమర్జెన్సీ స్టాప్ బిట్ కూడా అందులోనే ఉంటుంది. 150 మిల్లీసెకన్ల పాటు హార్ట్‌బీట్ అందకపోతే బండి తనంతట తాను ఆగిపోవాలి. ఇది భద్రత కోసం పెట్టిన నియమం, కాబట్టి ఆ గడువు పెంచే మాటే లేదని వాళ్లు ముందే చెప్పేశారు. అది న్యాయమే.

బండిలో ఉన్న మోడెమ్ సీలు వేసిన చిన్న పెట్టె. దానికి ఒకే యాంటెన్నా. లోపల సిగ్నల్ లెక్కలు చేసే బేస్‌బ్యాండ్ చిప్‌కు ఫర్మ్‌వేర్ మార్చుకునే వీలుంది. ఆ వీలే లేకపోతే ఈ కథ వేరేలా సాగేది.

సమస్య

బండ్లు ఉన్నట్టుండి ఆగిపోతున్నాయి. అదీ నడిచేటప్పుడు తక్కువ, సరుకు ఎత్తడానికి నిలబడినప్పుడు ఎక్కువ. నేను వెళ్లేసరికి అక్కడి వాళ్లు సొంత వైద్యం కనిపెట్టుకున్నారు. షిఫ్ట్ సూపర్‌వైజర్ ఆగిన బండి దగ్గరికి తీసుకెళ్లి, "సార్, ఏం లేదు, కొంచెం ముందుకు తోస్తే చాలు" అంటూ బెత్తెడు జరిపాడు. ఎర్ర లైటు ఆకుపచ్చకు మారింది. నేల మీద అక్కడక్కడా సుద్దముక్కతో అడ్డగీతలు ఉన్నాయి. అవి బండి చచ్చిపోయే చోట్లట. పాత గీతలు చెరిపి కొత్తవి గీస్తున్నారెందుకని అడిగితే, ర్యాకుల్లో సరుకు మారినప్పుడల్లా చోట్లు కూడా మారిపోతున్నాయన్నాడు.

పరికరాలు ఇంకా పెట్టెలోంచి తీయకముందే సగం సంగతి తెలిసిపోయింది. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 12.5 సెంటీమీటర్లు. స్టీలు ర్యాకుల మీద తగిలి వచ్చే ప్రతిబింబాలు ఒక చోట ఒకదానికొకటి బలమై, దాదాపు అర తరంగదైర్ఘ్యం పక్కన, అంటే ఆరు సెంటీమీటర్ల దూరంలో, ఒకదాన్నొకటి కొట్టేసుకోవచ్చు. బెత్తెడు జరిపితే బండి బతకడానికి, సరుకు మారితే చావుచోట్లు మారడానికి కారణం ఒకటే: మల్టీపాత్ ఫేడింగ్.

అయినా కొలవకుండా నమ్మకూడదు. అదే లక్షణం వేరే సిగ్నల్ అడ్డుపడినా రావచ్చు. బండిని నత్తనడకన నడిపిస్తూ సిగ్నల్ బలాన్నీ, నాయిస్ స్థాయినీ కలిపి రికార్డు చేశాం. చావుచోట సిగ్నల్ ఇరవై డెసిబెల్స్‌కు పైగా, అంటే వందో వంతు కంటే కిందికి పడుతోంది, నాయిస్ మాత్రం కదలడం లేదు. పక్క వైఫైల నుంచి అప్పుడప్పుడు ప్యాకెట్లు పోతున్న మాట నిజమే కానీ, అది గోదామంతా ఒకేలా ఉంది. సుద్దగీతలకు దానికీ సంబంధం లేదు.

ఇక నిలబడినప్పుడే ఎందుకు? బండి సెకనుకు ఒక మీటరు వేగంతో వెళ్తే సిగ్నల్ గుంటను కొన్ని పదుల మిల్లీసెకన్లలో దాటేస్తుంది. ఒక హార్ట్‌బీట్ పోయినా తర్వాతది అందుతుంది. అదే గుంటలో నిలబడితే చానెల్ మారదు. మళ్లీ పంపు, మళ్లీ పంపు అని ఎన్నిసార్లు పంపినా అదే గుంటలోకి పంపుతున్నట్టే. సిగ్నల్ మరీ సన్నగా ఉండడం ఇంకో దెబ్బ. ఇలాంటి భవనాల్లో ప్రతిబింబాల ఆలస్యాల విస్తృతి వంద నానోసెకన్ల స్థాయిలో ఉంటుందనుకుంటే, చానెల్ దాదాపు రెండు మెగాహెర్ట్జ్ మేర ఒకే తీరుగా ప్రవర్తిస్తుంది. మన సిగ్నల్ అందులో సుమారు ఏడెనిమిదో వంతే. మునిగితే మొత్తంగా మునుగుతుంది. ఎర్రర్ కరెక్షన్ కోడ్‌కు పట్టుకోవడానికి పొడిగా మిగిలిన ముక్క ఏదీ ఉండదు.

అంతకుముందు చేసినవి

నన్ను పిలవకముందే మూడు పనులు జరిగాయి. పవర్‌ను అనుమతించిన హద్దు దాకా, అంటే 3 డెసిబెల్స్, పెంచారు. యాంటెన్నా మార్చి ఎక్కువ గెయిన్ ఉన్నది, అంటే సిగ్నల్‌ను ఒక దిక్కుకు ఎక్కువగా కేంద్రీకరించేది పెట్టారు. ఈ రెండిటి వల్లా కొంత తగ్గింది కానీ పోలేదు. లెక్క చూస్తే ఎందుకో అర్థమవుతుంది. సూటి దారి లేని చోట సిగ్నల్ రేలీ పద్ధతిలో, అంటే చాలా ప్రతిబింబాలు యాదృచ్ఛికంగా కలిసినప్పుడు వచ్చే తీరులో మారుతుంది. సగటు బలం అవసరం కంటే 20 డెసిబెల్స్ ఎక్కువగా ఉన్నా, సుమారు 1 శాతం చోట్ల అది అవసరం కంటే కిందికి పడుతుంది. పవర్ రెట్టింపు చేస్తే ఆ 1 శాతం అర శాతం అవుతుంది, అంతే. యాభయ్యో వంతుకు తేవాలంటే పవర్ యాభై రెట్లు కావాలి. రోజంతా వేల సార్లు ఆగి లేచే బండ్లకు అర శాతం అంటే చాలా ఎక్కువ.

మూడో పని ఆసక్తికరం. "ఒకటి చాలకపోతే రెండు పెడదాం" అని బేస్ అవుట్‌పుట్‌కు స్ప్లిటర్ తగిలించి, ఒకే సిగ్నల్‌ను రెండు యాంటెన్నాలకు పంచారు. సుద్దగీతలు తగ్గలేదు, చోట్లు మాత్రం మారాయి. చాలామంది ఇక్కడే పొరబడతారు. ఒకే సిగ్నల్ రెండు చోట్ల నుంచి బయల్దేరితే గాల్లో రెండూ కలిసిపోతాయి, రిసీవర్‌కు చేరేది ఆ కలిసిన మొత్తం ఒక్కటే. ఫేజులు (తరంగం తన చుట్టులో ఎక్కడ ఉందన్న స్థానాలు) యాదృచ్ఛికంగా ఉన్న రెండు మొత్తాలను కలిపితే వచ్చేదీ అలాంటి యాదృచ్ఛిక మొత్తమే, దాని గుంటల లెక్కా అదే. పైగా సూటిగా కనిపించే చోట, ఇంతకు ముందు ఏ ఇబ్బందీ లేనిచోట, రెండూ ఎదురెదురు ఫేజుల్లో చేరి కొత్త గుంటలు తవ్వాయి. రెండు యాంటెన్నాల నుంచి వచ్చినవాటిని రిసీవర్ విడదీసి చూడగలిగితేనే రెండో యాంటెన్నాకు అర్థం. స్ప్లిటర్‌ను ఆ రోజే తీయించాను.

ఏ దారి పట్టాలి

ఫేడింగ్‌కు మందు డైవర్సిటీ: ఒకే సమాచారాన్ని విడివిడిగా మునిగే తేలే రెండు దారుల్లో పంపడం. ఎందులో దారులు వెతకాలన్నదే ప్రశ్న. కాలంలో వెతికితే, నిలబడిన బండికి కాలం పనికిరాదు. ఫ్రీక్వెన్సీ హాపింగ్, అంటే చానెల్ మార్చుకుంటూ పంపడం, మంచి పరిష్కారమే, మరో చోటైతే అదే మొదట చెప్పేవాణ్ణి. కానీ ఇక్కడ సైట్ ఫ్రీక్వెన్సీ ప్లానులో వీళ్లకు కేటాయించింది ఆ ఒక్క చానెలే, మిగతాదంతా వైఫైలకు పోయింది. ఇక మిగిలింది స్థలం, అంటే యాంటెన్నాలు.

యాంటెన్నాలు ఎటు వైపు పెట్టాలి? నిజానికి రిసీవర్ వైపు రెండు పెడితే లాభం ఎక్కువ. మొత్తం పవర్ పంచుకోనక్కర్లేదు కాబట్టి 3 డెసిబెల్స్ మిగులుతాయి. కానీ దానికి ప్రతి బండిలోనూ సీలు విప్పాలి, రెండో రిసీవర్ చెయిన్ పెట్టాలి, మళ్లీ భద్రతా పరీక్షలు చేయించాలి. బేస్ ఒక్కటే కదా, భారమేదో దాని మీదే వేద్దాం అనుకున్నాం. ట్రాన్స్‌మిట్ డైవర్సిటీ పుట్టిందే ఈ అవసరంలోంచి: చేతిలో పట్టే పరికరాన్ని చిన్నగా, చవగ్గా ఉంచి, ఖర్చంతా టవర్ వైపు పెట్టడం.

ఇంకో ఆలోచన కూడా వచ్చింది. బండి నుంచి బేస్‌కు వచ్చే సిగ్నల్ కూడా అదే ఫ్రీక్వెన్సీలో ఉంది కాబట్టి, ఏ యాంటెన్నాకు బాగా వినిపిస్తే దాని నుంచే జవాబు పంపొచ్చు. ఒక్కో బండితో విడిగా మాట్లాడేటప్పుడు ఇది చక్కగా పనిచేస్తుంది. హార్ట్‌బీట్ మాత్రం అందరికీ కలిపి పంపేది. ఒక బండికి మంచిదైన యాంటెన్నా ఇంకో బండికి గుంట కావచ్చు. ఎవరి చానెల్ ఎలా ఉందో బేస్‌కు తెలియకుండానే అందరికీ పనికొచ్చే పద్ధతి కావాలి.

మధ్యలో ఒక చవక మందు

ముందుగా బండ్ల జోలికి పోకుండా చేయగలిగింది చేశాం. బేస్‌కు రెండో యాంటెన్నా స్విచ్ ద్వారా కలిపి, ఒక హార్ట్‌బీట్ మొదటి యాంటెన్నా నుంచి, తర్వాతది రెండో దాని నుంచి పంపాం. రిసీవర్‌లో ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు. ఆగిపోవడాలు బాగా తగ్గాయి. గడువులు ఇంత బిగుతుగా లేని చోట ఇక్కడితో ఆపేయొచ్చు, నేనైతే ఆపేస్తాను.

ఇక్కడ ఆపలేకపోవడానికి కారణం ఆ 150 మిల్లీసెకన్లే. ఆ గడువులో వచ్చేవి మూడు హార్ట్‌బీట్‌లు. ఒక యాంటెన్నాకు గుంటలో ఉన్న బండికి "పోయింది, వచ్చింది, పోయింది" అనే వరస పడితే, దాని ప్రాణమంతా మధ్యలోని ఒక్క ప్యాకెట్ మీదే ఉంటుంది. అదే క్షణంలో పక్క వైఫై అడ్డుపడితే బండి ఆగిపోతుంది. అడ్డుపడడం వల్ల పదింట ఒక ప్యాకెట్ పోతుందనుకుందాం. మూడు అవకాశాలూ సజీవంగా ఉంటే మూడూ వరసగా పోయే అవకాశం వెయ్యింట ఒకటి. ఒక్క అవకాశమే ఉంటే పదింట ఒకటి. అంటే మనకు ప్రతి ప్యాకెట్‌లోనూ రెండు దారుల లాభం కావాలి, ప్యాకెట్ మార్చి ప్యాకెట్‌లో కాదు.

అలమౌటి కోడ్

సియావాష్ అలమౌటి 1998లో ప్రచురించిన పద్ధతి సరిగ్గా ఇందుకోసమే. సింబల్స్‌ను జతలుగా తీసుకుంటారు. మొదటి క్షణంలో ఒకటో యాంటెన్నా ఒకటో సింబల్‌ను, రెండో యాంటెన్నా రెండో సింబల్‌ను పంపుతాయి. తర్వాతి క్షణంలో తారుమారు: ఒకటో యాంటెన్నా రెండో సింబల్ కాంజుగేట్‌ను (ఫేజును ఎదురు తిప్పిన రూపాన్ని) గుర్తు మార్చి పంపుతుంది, రెండో యాంటెన్నా ఒకటో సింబల్ కాంజుగేట్‌ను పంపుతుంది. రెండు క్షణాల్లో రెండు సింబల్సే కాబట్టి వేగం తగ్గదు. రిసీవర్‌కు రెండు దారుల చానెల్ విలువలు, అంటే ఒక్కో దారి సిగ్నల్ బలాన్నీ ఫేజునూ ఎంత మారుస్తోందో తెలిస్తే, కొన్ని గుణకారాలు, కూడికలతో ఒక సింబల్‌లో ఇంకోటి కలిసిన భాగం పూర్తిగా కొట్టుకుపోతుంది. మిగిలేది ఆ సింబలే, దాని బలం రెండు దారుల బలాల మొత్తం. ఆ మొత్తం పడిపోవాలంటే రెండూ ఒకేసారి పడిపోవాలి.

మొత్తం పవర్ పెంచకుండా సగం సగం పంచుకున్నా, పైన చెప్పిన 20 డెసిబెల్స్ సందర్భంలో 1 శాతం కాస్తా సుమారు 0.02 శాతానికి దిగుతుంది. దారులు నిజంగా విడివిడిగా మారితేనే సుమా. ఆ షరతు తర్వాత ఎంత ఇబ్బంది పెట్టిందో చెప్తాను. రెండు సింబల్స్ పాటు చానెల్ మారకూడదన్న ఇంకో షరతు మాత్రం మాకు అసలు లెక్కలోకే రాలేదు. రెండు సింబల్స్ అంటే 8 మైక్రోసెకన్లు, బండి నడుస్తున్నా చానెల్ పదుల మిల్లీసెకన్లు నిలకడగా ఉంటుంది.

బెంచి మీద బాగుంది, నేల మీద లేదు

మొదటి ఫర్మ్‌వేర్ బెంచి మీద ముచ్చటగా పనిచేసింది. గోదాములోకి తీసుకెళితే మంచి సిగ్నల్ ఉన్న చోట కూడా ప్యాకెట్లు పోవడం మొదలైంది. టెన్షన్ పడాల్సిన సమయమే, ఎందుకంటే పాత పద్ధతి కంటే ఇదే అధ్వాన్నంగా కనిపించింది. అప్పుడు పోయిన ప్యాకెట్లను లెక్కపెట్టడం ఆపి, ప్యాకెట్ లోపల ఏ చోట తప్పులు వస్తున్నాయో చూశాం. మొదట్లో దాదాపు ఏమీ లేవు, చివరికి వెళ్లేకొద్దీ గుంపులు గుంపులుగా ఉన్నాయి.

ఆ ఆకారమే జవాబు చెప్పింది. పాత రిసీవర్ పక్కపక్క సింబల్స్ మధ్య ఫేజు తేడాను చదివే రకం, దానికి చానెల్ విలువతో పనిలేదు. అలమౌటికి అది తప్పనిసరి. బేస్‌కూ బండికీ ఫ్రీక్వెన్సీని నిర్ణయించే క్రిస్టల్స్ వేర్వేరు. మిలియన్‌లో 10 వంతుల తేడా ఉన్నా 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర అది 24 కిలోహెర్ట్జ్, అంటే ఒక్క సింబల్‌కే ఫేజు సుమారు 35 డిగ్రీలు తిరుగుతుంది. ప్యాకెట్ మొదట్లో దీన్ని దిద్దుతున్నారు కానీ ముతకగా. ఒక కిలోహెర్ట్జ్ మిగిలిపోయినా 400 సింబల్స్ ఉన్న 1.6 మిల్లీసెకన్ల ప్యాకెట్‌లో ఫేజు ఒకటిన్నర చుట్టుకు పైగా తిరిగేస్తుంది. ప్యాకెట్ తలలో కొలిచిన చానెల్ విలువ తోక దగ్గరికి వచ్చేసరికి చెల్లదు. బెంచి మీద రెండు వైపులా ఒకే రిఫరెన్స్ క్లాక్ నుంచి నడిపారు, అందుకే అక్కడ ఈ లోపం దాక్కుంది.

పరిష్కారం రెండు ముక్కల్లో చేశాం. మొదట్లోని ట్రైనింగ్ సింబల్స్‌ను (రిసీవర్‌కు ముందే తెలిసినవి) రెండు భాగాలుగా చేసి, వాటి మధ్య ఫేజు తేడా నుంచి ఆఫ్‌సెట్‌ను, అంటే ఫ్రీక్వెన్సీ తేడాను, సన్నగా కొలిచాం. ఆ తర్వాత ప్యాకెట్ పొడవునా మధ్యమధ్య అలాంటి తెలిసిన సింబల్స్‌తోనే పైలట్ జతలు పెట్టాం. వాటిని ఒకదానికొకటి ఆర్థోగొనల్‌గా, అంటే ఒకదాని కొలతలో ఇంకోటి కలవకుండా పెడితే రెండు యాంటెన్నాల చానెళ్లనూ విడివిడిగా కొలవొచ్చు. పైలట్లకు కొంత వేగం పోతుంది, హార్ట్‌బీట్ చిన్నదే కాబట్టి భరించాం. పైలట్లు లేకుండా, చానెల్ విలువ అక్కర్లేని డిఫరెన్షియల్ స్పేస్-టైమ్ కోడ్‌కు వెళ్లే దారి కూడా ఉంది, కానీ అందులో 3 డెసిబెల్స్ పోతాయి. పవర్ సగం పంచుకున్న చోట ఇంకో సగం వదులుకోవడం నాకు నచ్చలేదు. అన్నట్టు, బేస్‌లోని రెండు ట్రాన్స్‌మిటర్లూ ఒకే ఆసిలేటర్ నుంచి నడవాలి. లేకపోతే రెండు దారుల ఫేజులు వేర్వేరుగా తిరిగి పైలట్లు పెట్టినా సుఖం ఉండదు.

రెండు యాంటెన్నాలు, ఒకే గుంట

ఇప్పుడు ప్యాకెట్లు బాగానే వస్తున్నాయి. కొన్ని చోట్ల మార్పు స్పష్టంగా తెలిసింది. పొడవాటి నడవల చివర మాత్రం సుద్దగీతలు అలాగే ఉన్నాయి. ఇప్పుడు రిసీవర్ రెండు చానెళ్లనూ విడివిడిగా కొలుస్తోంది కాబట్టి, ఆ విలువలనే రికార్డు చేసి, బండిని నత్తనడకన నడిపించి, రెండు గీతలనూ ఒకదాని మీద ఒకటి గీసి చూశాం. నడవ చివరి భాగంలో రెండు గీతలూ కలిసి దిగుతున్నాయి, కలిసి లేస్తున్నాయి. లెక్క ప్రకారం రెండు యాంటెన్నాలున్నా, ఆ బండి దృష్టిలో ఉన్నది ఒకటే.

యాంటెన్నాల మధ్య దూరం ఆరు సెంటీమీటర్లు, అంటే అర తరంగదైర్ఘ్యం పెట్టారు. పుస్తకాల్లో ఉండే సంఖ్య అదే, తప్పేమీ లేదు. కానీ అది ప్రతిబింబాలు నలువైపుల నుంచీ వచ్చే చోటి లెక్క. స్టీలు మధ్య నిలబడ్డ బండికి అది వర్తిస్తుంది. ర్యాకుల పైన కూర్చున్న బేస్‌కు ఒక నడవ చివర ఉన్న బండి వైపు వెళ్లే కిరణాలన్నీ సన్నని విసనకర్రలా ఒకే దిక్కున బయల్దేరుతాయి. అంత సన్నని కోణంలో రెండు దారులు విడిపోవాలంటే యాంటెన్నాలు పది తరంగదైర్ఘ్యాల స్థాయిలో ఎడంగా ఉండాలి. అదీ నడవకు అడ్డంగా. నడవ దిశలోనే ముందూ వెనకా ఎడం చేస్తే పెద్దగా ప్రయోజనం ఉండదు.

రెండో యాంటెన్నాను ఒకటిన్నర మీటర్లు పక్కకు, నడవలకు అడ్డంగా జరిపాం. కేబుల్ పొడవు పెరిగి ఆ వైపు కొంచెం పవర్ తగ్గింది, ఒక డెసిబెల్ తేడా డైవర్సిటీని చెడగొట్టదు. కేబుల్‌లో పెరిగిన ఆలస్యం కొన్ని నానోసెకన్లు, 4 మైక్రోసెకన్ల సింబల్‌కు అది ఏ మూలకు? పక్కకు జరిపే బదులు ఒకదాన్ని అడ్డంగా పడుకోబెట్టి పోలరైజేషన్ (తరంగం ఊగే దిశ) మార్చే ఆలోచన కూడా చేశాం. బండి యాంటెన్నా నిలువుగా ఉంది. అడ్డ పోలరైజేషన్‌లో పంపింది దానికి చాలా బలహీనంగా చేరే చోట్లు ఉంటాయి, అప్పుడు రెండో దారి పేరుకే మిగులుతుంది. జరపడానికి గోడ మీద చోటుంది కాబట్టి ఆ ఆలోచన వదిలేశాం. చోటు లేకపోతే అదే చేసేవాళ్లం.

మళ్లీ గీతలు గీస్తే ఈసారి ఒకటి గుంటలో ఉన్నప్పుడు చాలాసార్లు రెండోది గట్టున ఉంది. పూర్తిగా స్వతంత్రం కాదు, అంత అవసరం కూడా లేదు. కోరిలేషన్ (రెండూ ఎంతవరకు కలిసి మారుతున్నాయన్న కొలత) 0.7 కంటే తక్కువగా ఉంటే డైవర్సిటీ లాభంలో ఎక్కువ భాగం దక్కుతుందన్నది ఈ రంగంలో పాత వాడుక లెక్క, మా కొలతలు దానికి బాగా కిందే ఉన్నాయి. బేస్‌కు దగ్గరగా సూటిగా కనిపించే చోట లాభమేమీ కనిపించలేదు. సగం సగం పవర్ కలిసి మళ్లీ అదే మొత్తం వస్తుంది కాబట్టి నష్టమూ లేదు. స్ప్లిటర్‌తో అక్కడ కొత్త గుంటలు పుట్టిన సంగతి గుర్తుంటే ఈ తేడా విలువ తెలుస్తుంది.

ఆ తర్వాత నడవల్లో బండ్లను తోసే పని ఆగిపోయింది.

లొంగని మూల

సరుకు లిఫ్టు వెనక ఉన్న మూల మాత్రం మారలేదు. అక్కడ బెత్తెడు తోసినా, మీటరు తోసినా ఒకటే. రెండు చానెళ్ల గీతలూ కొన్ని మీటర్ల మేర కలిసి కిందే పడి ఉన్నాయి, వాటి మీద చిన్న చిన్న ఎగుడుదిగుళ్లు మాత్రం వేర్వేరుగా ఉన్నాయి. ఇది ఫేడింగ్ కాదు, నీడ. లిఫ్టు షాఫ్ట్ కాంక్రీటు, స్టీలు రెండు యాంటెన్నాలకూ సమానంగా అడ్డం. ఒకే గోడ మీద ఎన్ని యాంటెన్నాలు పెట్టినా నీడ నీడే. ఆ మూలకు ఎదురుగా చిన్న బేస్ ఒకటి విడిగా పెట్టి, 50 మిల్లీసెకన్ల వరసలోనే దానికి వేరే టైమ్ స్లాట్ ఇచ్చాం. ఎంత దూరం తోస్తే బండి కోలుకుంటుందన్న ప్రశ్న అందుకే ముందు అడగాలి. బెత్తెడైతే డైవర్సిటీ, మీటర్లైతే యాంటెన్నా పెట్టే చోటు మార్చాలి.

నాలుగు పెడితే?

పని నచ్చాక వాళ్లు అడిగిన మొదటి ప్రశ్న ఇదే. రెండుతో ఇంత మేలైతే నాలుగుతో ఇంకెంత అని. అలమౌటి కోడ్‌లోని సొగసు, అంటే వేగం తగ్గకపోవడం, రిసీవర్ సులభంగా ఉండడం, బలం, ఫేజు రెండూ ఉన్న కాంప్లెక్స్ సింబల్స్‌తో రెండు యాంటెన్నాల దగ్గరే ఆగిపోతుంది. తారోఖ్, జఫర్‌ఖానీ, కాల్డర్‌బ్యాంక్ 1999లో దీన్ని ఎక్కువ యాంటెన్నాలకు విస్తరించారు, కానీ మూడు, నాలుగు యాంటెన్నాలకు వేగం నాలుగింట మూడు వంతులకు దిగుతుంది. 4జీ మొబైల్ ప్రమాణమైన ఎల్‌టీఈలో నాలుగు యాంటెన్నాల ట్రాన్స్‌మిట్ డైవర్సిటీకి కూడా ఒకేసారి నాలుగింటినీ కలపకుండా, ఒక్కో ఫ్రీక్వెన్సీలో ఒక్కో జతతో పంపుతారు. మన ఒక్క సన్నని చానెల్‌లో అలా పంచడానికి ఫ్రీక్వెన్సీలే లేవు. పైలట్లు కూడా రెట్టింపవుతాయి.

అంతకంటే ముఖ్యం, ఇప్పుడు మిగిలిన ఆగిపోవడాల లాగ్ చూపించాను. వాటిలో రెండు చానెళ్లూ బాగానే ఉన్నాయి, నాయిస్ స్థాయే ఒక్కసారిగా ఎగిసింది. అది పక్క వైఫైల పని, యాంటెన్నాలు పెంచితే తగ్గేది కాదు. ఆ డబ్బుతో సైట్ ఫ్రీక్వెన్సీ ప్లాన్ మళ్లీ గీయించుకుని, బండ్ల చానెల్‌కు ఆనుకుని ఉన్న వైఫై పాయింట్లను దూరం జరిపించుకోమన్నాను. ప్రస్తుతం ఆ పని నడుస్తోంది.